ఆదిత్య 369 మళ్ళీ వస్తే అది రీబూటేనా? అందులో మనం ఉంటామా?

పోస్టు కొంచెం పొడవు. ఓపిగ్గా చదవండి.

2025 ఏప్రిల్ 4న ఆదిత్య 369ని 4కేలో మళ్ళీ రిలీజ్ చేశారు. అప్పట్నుంచి బెజవాడలో మన పిల్లల మధ్య ఒకటే వాదన. కొందరు దాన్ని రీబూట్ అంటున్నారు. కొందరు ఒట్టి రీ-రిలీజ్ అంటున్నారు. ఆదిత్య 999 మాక్స్ వస్తే అప్పుడు చూద్దాం అనేవాళ్ళు ఇంకొందరు. పైకి సినిమా పిచ్చోళ్ళ గొడవలాగే ఉంటది గానీ, ఇందులో మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. అందుకే రాస్తున్నా.

ముందు మాటల లెక్క తేలుద్దాం. రీబూట్ అనేది కంప్యూటర్ మాట. సిస్టమ్ హ్యాంగ్ అయితే ఆపి మళ్ళీ ఆన్ చేస్తాం. ఇరుక్కుపోయింది పోతుంది, హార్డ్ డిస్క్‌లో దాచుకున్నది ఉంటుంది. సినిమావాళ్ళు ఈ మాటను కొంచెం మార్చి వాడుతున్నారు. పాత కథలో జరిగినవి జరగలేదనుకుని, అవే పాత్రలతో మొదట్నుంచి మొదలుపెడితే రీబూట్. పాత కథను ఒప్పుకుని ముందుకెళ్తే సీక్వెల్. బొమ్మా సౌండూ మాత్రమే బాగుచేస్తే అది మరమ్మతు.

బయట దేశాల్లో చూడండి. బ్రిటన్‌లో డాక్టర్ హూ 1963లో మొదలై 1989లో ఆగి, 2005లో మళ్ళీ వచ్చింది. రంగులు మారినయ్, వేగం మారింది, కానీ పాత కథ జరిగిందనే ఒప్పుకున్నారు. కాబట్టి అది కొనసాగింపే. బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా 1978లో వచ్చింది. 2003లో మళ్ళీ తీసినప్పుడు మొత్తం మొదట్నుంచి మొదలుపెట్టారు. అది రీబూట్. 2009 స్టార్ ట్రెక్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. కుర్ర నటులతో కొత్తగా మొదలుపెట్టారు, కానీ పాత స్పాక్‌గా లియొనార్డ్ నిమోయ్‌నే తీసుకొచ్చి, కాలం ఇంకో దారి పట్టిందన్నారు.

ఈ లెక్కన మన 4కే ఆదిత్య 369 రీబూట్ కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిందే అది. టైమ్ మెషిన్ అదే 1526లో కృష్ణదేవరాయల దగ్గర ఆగుద్ది, అదే 2504కి పోద్ది. 2010లో మాయాబజార్‌కి రంగులేసినప్పుడు కూడా ఎవరూ కొత్త సినిమా అనలేదు గదా. ఇక 999 మాక్స్ పాత కథను పట్టుకుని నడిస్తే సీక్వెల్ అవుతుంది. అంతే.

అసలైన రీబూట్ మన దగ్గర చాలా ముందే జరిగిందని నా అభిప్రాయం. అది 1957 మాయాబజార్. శశిరేఖా పరిణయం కథ వ్యాస భారతంలో లేదు. జనం చెప్పుకున్న కథ, నాటకాల వాళ్ళు ఆడిన కథ, 1936లోనే ఒకసారి సినిమాగా వచ్చిన కథ. కె.వి. రెడ్డి గారు, పింగళి నాగేంద్రరావు గారు దాన్ని తీసుకుని ఏం చేశారు? పాండవుల కథలో పాండవులే తెర మీదికి రారు! దూరాన ఉన్నవాళ్ళను చూపించే ప్రియదర్శిని పెట్టె పెట్టారు. ఇప్పటి వీడియో కాల్ లాంటిదే అది. అన్నిటికంటే ముఖ్యం, అడవిలో హిడింబ కొడుకు ఘటోత్కచుడు కథను నడిపేవాడయ్యాడు. ఆ వేషం వేసింది అప్పటి కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు గారు. సింగీతం గారు ఆ సినిమాకి కె.వి. రెడ్డి గారి దగ్గర పనిచేసినవారే. పాత కథలో పక్కన నిలబడ్డవాణ్ణి మధ్యకు తెచ్చారు చూడండి, రీబూట్ అంటే నాకు అదీ.

ఇప్పుడు కల్కి 2898 ఏడీ సంగతి. 2024 జూన్ 27న వచ్చింది. మహాభారతాన్ని సైన్స్ ఫిక్షన్‌లో కలిపారు. అశ్వత్థామ వేల ఏళ్ళు బతికి ఉంటాడు, శాపం నుంచి బయటపడే అవకాశం దొరుకుద్ది. చివరికి కర్ణుడూ వస్తాడు. ఇదంతా చూస్తుంటే నాకొక ప్రశ్న వచ్చింది. మా ఎరుకలవాళ్ళం ఏకలవ్యుణ్ణి మావాడనుకుంటాం. ఆయన బొటనవేలు అడిగింది అశ్వత్థామ తండ్రి ద్రోణుడే. కొడుక్కి 2898లో కూడా పాపం కడుక్కునే వీలుంది. తండ్రి తీసుకున్న వేలి లెక్క మాత్రం నేను చూసినంతలో రాలేదు. ఆ పేరుతో దేశమంతా ఏకలవ్య మోడల్ గురుకులాలున్నాయి, మన పిల్లలు చదువుతున్నారు. బడికి పనికొచ్చిన పేరు భవిష్యత్తు కథకు పనికిరాదా?

"సినిమాని సినిమాలా చూడొచ్చుగా, దీంట్లోకి కులం, తెగ ఎందుకు తెస్తావ్?" అని ఒక అన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇదీ.

టైమ్ మెషిన్ 2504కి వెళ్ళిన అదే 1991లో ఇంకో సినిమా వచ్చింది, స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్. 32 ఏళ్ళ తర్వాత, 2023 అక్టోబర్‌లో, టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. కెమెరాలు మారినయ్, బడ్జెట్ మారింది, గ్రాఫిక్స్ వచ్చినయ్. స్టూవర్టుపురం అనగానే జనానికి గుర్తొచ్చే మాట మాత్రం మారలా. దొంగ అనే ముద్ర మనకు సినిమా వేసింది కాదు, చట్టం వేసింది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. పుట్టుకతోనే నేరస్తులన్నారు. స్టూవర్టుపురం, కృష్ణ అవతల సీతానగరం సెటిల్‌మెంట్లు ఆ రోజులవే. 1952లో ఆ చట్టం పోయింది. అంటే దేశం కాగితం మీద మనల్ని రీబూట్ చేసింది. తెర మీద మాత్రం సిస్టమ్ ఇంకా అక్కడే హ్యాంగ్ అయి ఉంది. హాస్టల్లో ఎవరి పర్సు పోయినా ముందు మన పిల్లాడి ట్రంకుపెట్టె వైపు చూసే చూపు ఎక్కణ్ణుంచి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లా.

కాబట్టి పాత సైన్స్ ఫిక్షన్‌ని కొత్తగా తీస్తే రీబూటా కాదా అని ఎవరైనా అడిగితే నేను రెండు చూస్తా. ఒకటి, పాత కథ జరిగిందని ఒప్పుకున్నారా లేదా. ఇది అందరి లెక్క. రెండోది మన లెక్క: మెషిన్ ఎవరి గతంలో ఆగింది, ఎవర్ని భవిష్యత్తులోకి ఎక్కించుకుంది. రెండోది మారకపోతే, పేరు రీబూట్ అని పెట్టినా మనకది మరమ్మతే.

ఎవరో తీసేదాకా కూర్చోమనట్లా. మన గ్రూపులో షార్ట్ ఫిల్మ్‌లు తీసేవాళ్ళున్నారు, కథలు రాసేవాళ్ళున్నారు. టైమ్ మెషిన్ సెటిల్‌మెంట్ హాజరు పిలుపు దగ్గర ఆగితే ఎట్టా ఉంటది? 2504లో ఒక ఎరుకల అమ్మాయి దాన్ని నడుపుతుంటే, కుర్రు భాషలో మాట్లాడుతుంటే ఎట్టా ఉంటది? లంబాడీ, యానాది, చెంచు, కోయ తమ్ముళ్ళు కూడా మీ మెషిన్ ఎక్కడ ఆగాలో ఆలోచించండి. ఒక్క పేజీ రాసి కింద పెట్టండి. చదువుదాం, మాట్లాడుకుందాం.