మా యింటికి వచ్చిన నర్సమ్మ

పెరంబూరులో మా మేనమామగారికి క్షయ అని తేలిననాటి నుండి అత్తయ్య ఆయన గ్లాసు వేరుగా పెట్టినది. వీధికి తెలిసినచో ఆడపిల్లకు సంబంధము కుదరదని ఆమె భయము. ఆ రోజులలో క్షయ అనగానే శానిటోరియమే మందు. అక్కడ మంచములు కొద్ది, రోగులు కొల్లలు.

1956లో చెన్నపురిలో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఒక ప్రశ్నకు జవాబు వెదకినది: ఇరుకు గదిలో, చాలీచాలని తిండితో ఉన్నవాడు ఇంటనే మందు తిని బాగుపడగలడా? ఏడాది వైద్యము చేసి చూడగా, శానిటోరియములోనివారితో ఇంచుమించు సమానముగా కోలుకొన్నారు. ఇంటివారికి అంటు హెచ్చలేదు. 1959లో వెలువడిన ఆ ఫలితము దేశదేశాల వైద్యవిధానమును మార్చినది. ఆ వైద్యము నిలిచినది మాత్రము గడపగడపా త్రొక్కిన నర్సులమీద.

1960ల నడుమ మా మామయ్యకును ఇంటి వైద్యమే. నర్సమ్మ చెప్పకుండ వచ్చి మాత్రలు లెక్కించేవారు, పరీక్షకు మూత్రము పట్టుకొని వెళ్ళేవారు. ఒకసారి లెక్క సరిపోయినది గాని పరీక్ష సరిపోలేదు. తులసికోట వెనుక మట్టిలో మాత్రలు దొరికినవి.

“కడుపులో మంట, సిస్టరుగారూ,” అన్నారు మామయ్య తల వంచుకొని.

“ఆ మాట నాతో చెప్పరాదా, అన్నగారూ?” అని ఆమె ఆయన ప్రక్కనే కూర్చుండి అత్తయ్యను కాఫీ అడిగినారు. ఆ యింట మరొకరెవ్వరూ అంత దగ్గరగా కూర్చుండి అప్పటికి నెలలైనది.

ఎవరామె అని పొరుగువారు అడిగితే, చుట్టాలమ్మాయి అని అత్తయ్య చెప్పేది. నర్సమ్మ విని ఊరకున్నారు. మూడేండ్లకు మా వదిన పెళ్ళిలో ఆమెకు చుట్టాల వరుసలోనే చీర పెట్టినారు.