ముందు గులాబీ, వెనక గోంగూర

ఈ కార్తీకం వెళ్ళేలోగా మా ఇంటి ముందరి పచ్చిక తీసేస్తున్నాం. ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. బెంగళూరు జయనగర్‌లో మా మావగారు 1966లో ఇల్లు కట్టించి, మరుసటి ఏడు దగ్గరుండి ఒక్కొక్క పిలకా నాటించిన గడ్డి అది. లాల్‌బాగ్ పుష్పప్రదర్శన రోజుల్లో జరిగే ఇంటితోటల పోటీలో ఒకసారి ఆయనకి కప్పు కూడా తెచ్చిపెట్టింది. ఆ కప్పు ఇప్పటికీ హాల్లో అద్దాల బీరువాలో ఉంది. అందుకనే పచ్చిక తీసేద్దామన్న మాట ఇంట్లో పైకి అనడానికి మావారికీ నాకూ రెండేళ్ళు పట్టింది.

బెంగళూరు పాత ఇళ్ళకి ఒక మర్యాద ఉంది. వీధివైపు పచ్చిక, గులాబీలు, కుండీల్లో క్రోటన్లు. అసలు సంసారమంతా పెరట్లో. కరివేపాకు, అరటి, గోంగూర, బచ్చలి తీగ, బట్టలారేసే తాడు అన్నీ అక్కడే. హైదర్ అలీ 1760లో లాల్‌బాగ్ మొదలుపెట్టిన నాటి నుంచీ ఈ ఊరికి తోటల పిచ్చి ఉన్నా, ముంగిట్లో గడ్డి పెంచే అలవాటు మాత్రం 1809లో ఇక్కడ కంటోన్మెంటు పెట్టుకున్న తెల్లవాళ్ళ బంగళాల నుంచి వచ్చిందే. ఊరు సముద్రమట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. ఎండ మంట తక్కువ. వాళ్ళ పువ్వులు వాళ్ళు ఇక్కడ పూయించుకున్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక మన గుమస్తాలూ, మేష్టర్లూ, ఇంజనీర్లూ ఆ గడ్డికి నీళ్ళు పోస్తూ వచ్చారు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినది విజయనగరం వైపు నుంచి. అత్తగారిది మదనపల్లె. వచ్చిన కొత్తలో ఆవిడ "అనపకాయ విత్తనాలు తెప్పించమ్మాయ్, శ్రావణంలో పెడదాం" అన్నారు. నేను మా నాన్నకి ఉత్తరం రాసి భద్రంగా తెప్పించాను. మావైపు అనపకాయంటే సొరకాయ! ఆవిడ అడిగినది కన్నడంలో అవరెకాయి అనే చిక్కుడు జాతి గింజ. చలికాలంలో బెంగళూరు మార్కెట్లు గుట్టలు పోసి అమ్ముతాయే, అది. ఆ ఏడు పందిరి నిండా సొరకాయలు కాశాయి. వీధి వీధంతా పంచిపెట్టాం. మన తెలుగులో మనకే ఇలా ఉంటే, బెంగళూరు వంకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. మనం దానికి ఈ ఊరి పేరు పెట్టాం. ఈ ఊరివాళ్ళు దాన్ని సీమె బదనెకాయి, అంటే సీమవంకాయ అంటారు. నిజానికి అది మెక్సికో ప్రాంతపు తీగ. ఎవరికీ సొంతం కాని పాపం వంకాయ!

అసలు విషయానికి వస్తాను. మా ఇల్లు ఉత్తరముఖం. పెరడు దక్షిణాన ఉంది. వెనకింటివారు తమ ఇల్లు పడగొట్టి నాలుగంతస్తుల ఫ్లాట్లు కట్టించాక మా పెరటికి చలికాలపు ఎండ పోయింది. పోయిందని అనుకోవడం వేరు, ఎంత పోయిందో కొలవడం వేరు. కిందటి ధనుర్మాసంలో మా అత్తగారు ముగ్గు వేసి లేస్తూ, ముగ్గుపిండి డబ్బా నా చేతికిచ్చి, "పొద్దున తొమ్మిదింటికొకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, మూడింటికొకసారి నీడ అంచున గీత గియ్యి. తెలిసిపోతుంది" అన్నారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. గీశాను. మూడు గీతలూ దాదాపు ఇంటి వెనకగోడనే తాకాయి. పెరటికి మిగిలిన ఎండ పొద్దున కరివేపాకు చెట్టు మీద కాసేపు, అంతే.

లెక్క కూడా సరిపోయింది. డిసెంబరు చివర మన బెంగళూరులో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానికి బాగా ఒరిగి ఉంటాడు. నలభై అడుగుల కట్టడం అప్పుడు ఉత్తరానికి ముప్ఫై అడుగుల నీడ పరుస్తుంది. అదే ఏప్రిల్ చివరి వారంలోనూ, ఆగస్టు మూడో వారంలోనూ సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఆ రెంటి మధ్య కొద్దిగా ఉత్తరానికి వాలతాడు కనుక ఫ్లాట్ల నీడ మధ్యాహ్నం పూట మాపై పడదు. అంటే పెరడు చచ్చిపోలేదన్నమాట. ఏడాదిలో సగం నిద్రపోతోంది. ఎండాకాలం, తొలివానల పంటలకి పనికొస్తుంది. గోంగూరకి సరిగ్గా కావలసినదీ అదే. గోంగూర పొద్దు తగ్గుతున్న కాలంలో వేస్తే ఆకు వెయ్యకుండా మూరెడెత్తున పూతకి వచ్చేస్తుంది. ఇన్నేళ్ళూ నేను ఆశ్వయుజంలో చల్లి, బెంగళూరు మట్టిని తిట్టుకున్నాను. ఇకనుంచి ఉగాదికి చల్లి, శ్రావణం దాకా కోసుకుంటాను.

మరి చలికాలపు పంట? అనపకాయ, చిక్కుడు, టొమాటో, మెంతి, కొత్తిమీర వీటికి ఎండ కావాలి. చలికాలంలో మా స్థలం మొత్తం మీద రోజంతా ఎండ పడే జాగా ఒక్కటే ఉంది. మా ఇంటి నీడ పడే పది అడుగులు తీసేస్తే, పచ్చికలో వీధివైపు సగం.

అక్కడ మాట ఆగిపోయింది. ఎవరం పైకి అనలేదు.

పచ్చికకి నీళ్ళ సంగతి 2024 ఎండాకాలమే తేల్చేసింది. అంతకుముందు ఏడు కర్ణాటకలో వానలు సరిగా పడలేదు. ఆ మార్చిలో మా బోరు నాలుగు రోజులు బురదనీళ్ళు ఇచ్చి, ఐదో రోజు గాలి కక్కింది. ఊళ్ళో ఎన్నో బోర్ల గతి అదే. ట్యాంకర్ల ధర పెరిగి పెరిగి, చివరికి ప్రభుత్వమే ధర కట్టవలసి వచ్చింది. తాగే నీళ్ళు తోటలకి పోస్తే ఐదు వేల రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆలోచిస్తే ఆ కావేరి నీళ్ళు వంద కిలోమీటర్ల దూరాన్నుంచి, మూడు చోట్ల పంపులు పెట్టి, ఈ ఎత్తుకి ఎక్కిస్తే వస్తున్నాయి. మావారు బకెట్టు పెట్టి లెక్క చూశారు. మా పైపు నిమిషానికి పదిహేను లీటర్లు ఇస్తుంది. గడ్డి తడవడానికి ఇరవై నిమిషాలు. రోజుకి మూడు వందల లీటర్లు, తినడానికి పనికిరాని గడ్డికి! ఆ వేసవిలో పచ్చిక ఎండి కొబ్బరిపీచు రంగుకి తిరిగింది. అత్తగారి గోంగూర మాత్రం బియ్యం కడుగు నీళ్ళతో బతికింది. ఆ తర్వాత వానలకి గడ్డి మళ్ళీ పచ్చబడింది గాని, సగం తుంగే.

జయనగర్‌లోనే వాననీటి సేకరణ ఎలా చెయ్యాలో చూపించే పార్కు ఒకటి ఉంది. విశ్వేశ్వరయ్యగారి పేరు పెట్టారు. ఆ దారిన వందసార్లు కూరలకి వెళ్ళానేమో, లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. ఈసారి ఇద్దరం వెళ్ళాం. మిద్దె మీది నీళ్ళు వడకట్టి తొట్టెలోకి ఎలా దింపాలో, భూమిలోకి ఎలా ఇంకించాలో నమూనాలు కట్టి పెట్టారు. ఈ ఊళ్ళో పెద్ద స్థలాల్లోని పాత ఇళ్ళకి కూడా వాననీటి సేకరణ తప్పనిసరని 2009లో చట్టం చేశారు. మేమూ అప్పుడు ఒక గొట్టం వేయించి, కింద ఒక డ్రమ్ము పెట్టి, చట్టానికి దణ్ణం పెట్టి ఊరుకున్నాం.

ఇంటికొచ్చి కాగితం మీద వేసుకున్నాం. మా మిద్దె పదిహేను వందల చదరపు అడుగులు, అంటే 139 చదరపు మీటర్లు. బెంగళూరుకి ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడుతుంది. ఐదో వంతు వృథా పోయినా లక్షా పదివేల లీటర్లు మిగులుతాయి. పన్నెండు వేల లీటర్ల ట్యాంకర్లయితే తొమ్మిది. అన్ని ట్యాంకర్లు ఏటా మా మిద్దె మీదనుంచి వీధి కాలవలోకి పంపిస్తూ, మార్చి నెలలో ట్యాంకరువాణ్ణి బతిమాలుకుంటున్నామన్నమాట. మావారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, లెక్క మళ్ళీ మొదటినుంచి చేశారు. మారలేదు.

ఇంకుడు బావి తవ్వేవాళ్ళ కోసం వాకబు చేస్తే సర్జాపురం దగ్గర భోవిపాళ్యం పేరు చెప్పారు. తరతరాలుగా బావులు తవ్వే మన్ను వడ్డర్ల కుటుంబాలున్న ఊరు అది. బెంగళూరులో పది లక్షల ఇంకుడు బావులు తవ్వాలని ఒక ఉద్యమం నడుస్తోంది కదా, కబ్బన్ పార్కులో కూడా తవ్వారు, ఆ పనుల్లో వీళ్ళ చెయ్యి చాలా ఉంది. వచ్చిన పెద్దాయనతో మావారు కన్నడంలో మొదలుపెట్టారు. ఆయన గేటు దగ్గర వంగి మట్టి చేత్తో నలిపి చూస్తూ, తన కొడుకుతో ఏదో అన్నాడు. వరండాలో కూర్చున్న అత్తగారి చెవిన ఆ మాట పడింది.

"ఏమయ్యా, మీరు మాట్లాడేది తెలుగే గదా?"

"మా ఇంట్లో ఇదే అవ్వా. చదవను రాదు, మాట్లాడతాం" అన్నాడాయన. ఇక మావారిని వదిలేసి ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆ తెలుగు మా విజయనగరం చెవికి సగమే అందింది. అత్తగారికి పూర్తిగా అందింది. ఎన్ని తరాల కిందట ఏ ఊరు విడిచి వచ్చారో ఆయనకి తెలియదు. మేం మూడు తరాలకే సంఘం పెట్టుకుని, పత్రిక వేసుకుంటున్నాం. ఆయన బడి లేకుండా, పుస్తకం లేకుండా నిలుపుకున్నాడు.

పని విషయంలో ఆయన మాట కత్తిలా ఉంది. మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు, సిమెంటు ఒరలు, అడుగున ఏమీ వెయ్యకూడదు. మురుగు గొట్టానికి దూరంగా, గేటు పక్క మూలన. తొలివాన నీళ్ళు బయటికి వదిలెయ్యాలి. తర్వాతి నీళ్ళు కంకర, ఇసుక, బొగ్గు వేసిన తొట్టెలో వడకట్టాకే బావిలోకి. ఆ బావిలో ఒకేసారి నాలుగు వేల లీటర్లు పడతాయి. అంగుళం వానకి మా మిద్దె ఇచ్చేది మూడున్నర వేలు, సరిపోతుంది. "రెండు వానకాలాలు పోనీండి, ఆమీద నీళ్ళు పైకొస్తాయా రావా చెప్తాను. ఇప్పుడే చెప్పేవాడు దొంగ" అన్నాడు. బోరు వేసినప్పుడు పుల్ల పట్టుకుని నడిచి రెండంగుళాల ధార ఖాయమన్నవాడు నాకు గుర్తొచ్చాడు. వెళ్తూ వెళ్తూ, "పైన మూడడుగుల ఎర్రమన్ను వేరే పోయిస్తాను, మళ్ళకి బాగుంటుంది. కింది మొరం దోవకి వేసుకోండి" అన్నాడు.

"ఏ మళ్ళకి?" అన్నారు అత్తగారు, ఆయన వెళ్ళాక.

చెప్పక తప్పలేదు. మావారు బీరువాలో కప్పు వైపు చూస్తూ చెప్పారు. ఆవిడ చాలాసేపు పచ్చిక వైపే చూసి, "ఆ గడ్డంటే నాకెప్పుడూ సరిపడలేదురా" అన్నారు. "పొద్దున పైపు పట్టుకుని నిలబడితే పిలిచినా పలికేవాడు కాదు. పెసరట్టు చల్లారిపోయేది." మళ్ళీ కాసేపటికి, "రెండు కుర్చీలు పట్టేంత ఉంచండి, పారిజాతం కింద. ఆయన పేపరు చదివే చోటు" అన్నారు. మావారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

కనుక వచ్చే ఏడాది మా ఏర్పాటు ఇది. పారిజాతం కింద ఆరడుగుల గడ్డి ఉంటుంది, దానికి కూరలు కడిగిన నీళ్ళు. మిగతా పచ్చిక స్థలంలో నాలుగు మళ్ళు, మధ్య మొరం దోవ. ఇంటి గోడవైపు నీడ పడే పది అడుగుల్లో కనకాంబరాలూ, పుదీనా. ఎండ తగిలే వీధివైపు మడిలో ఆషాఢం చివర అనప గింజలు పెడతాం. ఏడాది పొడుగునా కాసే పొట్టి రకాలు, హెబ్బాళ అవరె అని ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళవి, ఉన్నాయి. అత్తగారు వాటికి ఒప్పుకోరు. మంచు పడే రోజుల్లో కాసిన నాటుకాయకి ఉండే వాసన వాటికి లేదని ఆవిడ వాదం. ఆ వాసనకి కన్నడంలో 'సొగడు' అని ఒక మాటే ఉంది. దానికి సాటివచ్చే తెలుగు మాట నాకింతవరకు దొరకలేదు. గులాబీల్లో మూడు ఉంటాయి, నాలుగు మిద్దెక్కుతాయి. పెరట్లో గోంగూర, తోటకూర, చుక్కకూర ఉగాది నుంచి. ఆశ్వయుజం రాగానే పెరటికి సెలవు, ఎండుటాకులు కప్పి పడుకోబెడతాం. బట్టలు జాడించిన నీళ్ళు అరటికీ మెట్టతామరకీ కాలవ కట్టిస్తున్నాం. బెంగళూరు వంకాయ కూడా ఒక మూల పెడదామని మావారి పట్టు. కాయకి కాయే మొలకెత్తుతుంది, పాతిపెట్టడమే గదా అంటారు. దాని తీగ దౌర్జన్యం ఆయనకి తెలియదు. పందిరి సంగతి చూసి చెప్తానన్నాను.

వీధిలోవాళ్ళు ఏమనుకుంటారో అని నాకు కొంచెం బెరుకుగానే ఉంది. గేటు తీయగానే గులాబీలకి బదులు అనపపాదు స్వాగతం చెప్పడం ఈ వీధిలో ఇంతవరకు జరగలేదు. ఎదురింటి కన్నడమావిడ మాత్రం "హిత్తల గిడ మద్దల్ల" అని నవ్వింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనమూ అంటాం కదా, అచ్చం అదే సామెత. "మరి ముంగిటి చెట్టో?" అన్నాను. ఆలోచించి, కాస్త కాయలు పంపించండి, చెప్తానంది.

బావి తవ్వకం వచ్చే సోమవారం మొదలు. అత్తగారు నిన్న బూడిద పట్టించిన అనప గింజల డబ్బా తీసి ఎండలో పెట్టారు. రెండేళ్ళనాటివి. ఇరవై గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తే పదహారు మొలకెత్తాయి. సంఘ సభ్యుల్లో ఎవరికైనా కావాలంటే సంక్రాంతి సమావేశానికి పొట్లాలు కట్టి తెస్తాను. కోస్తావారికి ముందే మనవి, ఇవి సొరకాయలు కావు.