ఆకాశం మీదుగా... గడియారాల ముచ్చట!

బెర్లిన్‌లో రైలెక్కి పడమటి దిక్కుగా గంటన్నర ప్రయాణిస్తే బ్రౌన్‌ష్వైగ్ వస్తుంది. ఊరి నడిబొడ్డున ఓ కంచు సింహం ఠీవిగా నిలబడి ఉంటుంది. అది నకలే. పన్నెండో శతాబ్దం నాటి అసలు విగ్రహాన్ని ఎండావానలకు పాడవకుండా లోపల భద్రపరిచారు. గణిత మేధావి గౌస్ 1777లో పుట్టింది ఈ ఊళ్లోనే. 1944 నాటి బాంబుదాడుల్లో పాత ఊరు చాలావరకూ కాలి బూడిదైంది. తర్వాత మళ్లీ లేచి నిలబడింది.

వచ్చినవాళ్లు సింహాన్నీ చర్చినీ చూసి వెళ్లిపోతుంటారు. కానీ, ఊరి శివార్లలో చెట్ల నడుమ మరో వింత ఉంది. జర్మనీ మొత్తానికీ సమయం చెప్పేది అక్కడే!

ముళ్లు లేని గడియారాలు

అది పీటీబీ అనే జాతీయ కొలతల సంస్థ. 1887లో బెర్లిన్‌లో పుట్టిన సంస్థకి వారసురాలు. ఇక్కడి సీజియం గడియారాలకు ముళ్లుండవు, లోలకం ఉండదు. సీజియం పరమాణువుకు సంబంధించిన ఓ తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు కంపిస్తే ఒక సెకను. 1967 నుంచీ ప్రపంచమంతటికీ అదే లెక్క. ఈ సమయమే ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి రేడియో కేంద్రం నుంచి ప్రసారమవుతుంది. దాన్ని అందుకుని ఇళ్లలోని రేడియో గడియారాలు తమంతట తామే సర్దుకుంటాయి.

ఇంత గొప్ప గడియారానికీ ఓ చిక్కుంది. తాను సరిగ్గా నడుస్తున్నదీ లేనిదీ ఒంటరిగా తేల్చుకోలేదు. మరో గడియారంతో పోల్చుకోవాలి. అదేమో పారిస్‌లోనో వాషింగ్టన్‌లోనో ఉంటుంది! ఒకప్పుడు అణుగడియారాన్నే విమానమెక్కించి తీసుకెళ్లేవారు. ఇప్పుడు ఆ కబురు ఉపగ్రహం మోస్తోంది.

రెండు ఉత్తరాల లెక్క

భూమధ్యరేఖకు ఎగువన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో భూస్థిర ఉపగ్రహం ఉంటుంది. భూమితోపాటే తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు కనిపిస్తుంది. ఇక్కడినుంచి సంకేతం పైకెళ్లి మరో దేశంలో దిగడానికి సుమారు పావు సెకను. కచ్చితంగా ఎంతన్నది గాలినిబట్టీ ఉపగ్రహం కదలికనుబట్టీ మారుతుంటుంది. మరి పోల్చేదెలా?

ఇద్దరు స్నేహితులు తమ గడియారాల్లో పది కాగానే చెరో ఉత్తరం పంపారనుకోండి. మొదటివాడి ఉత్తరం రెండోవాడి గడియారంలో 10.08కి చేరింది. రెండోవాడిది మొదటివాడి గడియారంలో 10.02కి చేరింది. తేడా ఆరు నిమిషాలు. సగం చేస్తే మూడు. అంటే రెండోవాడి గడియారం మూడు నిమిషాలు ముందుంది. దారి ఎంత దూరమో ముందుగా తెలియకపోయినా ఫర్వాలేదు. రాకపోకలకు ఒకే సమయం పడితే చాలు, తీసివేతలో అది ఎగిరిపోతుంది!

రెండు దేశాల ప్రయోగశాలలూ చేసేది ఇదే. సంకేతం దారిలో ఉండగా భూమి కాస్త తిరుగుతుంది కాబట్టి ఆ మేరకు సవరిస్తారు. అలా సెకనులో వందకోట్లో వంతు దాకా తేడా పట్టేస్తారు. అంత తక్కువ సమయంలో కాంతి వెళ్లేది 30 సెంటీమీటర్లే. ఈ పట్టింపు ఎందుకంటారా? దారి చూపే ఉపగ్రహాల గడియారం సెకనులో పదిలక్షో వంతు తప్పినా, దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది.

ఢిల్లీతో చుట్టరికం

ఈ ఊరికి మనతోనూ బంధం ఉంది. 1980 ప్రాంతంలో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల, పీటీబీ తమ గడియారాలను ఇలాగే ఆకాశం మీదుగా పోల్చి చూసుకున్నాయి. అందుకు సాయపడింది ఫ్రాన్స్, జర్మనీలు కలిసి పంపిన సింఫనీ ఉపగ్రహం. భారత ప్రామాణిక సమయాన్ని కాపాడేది ఆ ఢిల్లీ ప్రయోగశాలే. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడకు చేరువగా వెళుతుంది.

ఇలా పలు దేశాల లెక్కలు పారిస్ పక్కనున్న సెవ్ర్‌కు చేరతాయి. అక్కడ వందలాది గడియారాల సగటు తీసి ప్రపంచ సమయాన్ని తేలుస్తారు. ఏ గడియారం ఎంత తేడాగా నడిచిందో నెలనెలా చెబుతారు. అందులో ఏ ఒక్కటీ రాజు కాదు. బ్రౌన్‌ష్వైగ్ గడియారమైనా సరే, పక్కవాళ్లను అడిగి సరిచూసుకోవాల్సిందే!