జూన్ వస్తే మళ్లీ మొదటికే

మండల కేంద్రంలోని ప్రభుత్వ పాఠశాల ఆవరణలో ఓ మూల గది. గోడల నిండా గుణింతాల చార్టులు, నేల మీద పట్టాలు, ఓ పక్క ఫిజియోథెరపీకి వాడే పెద్ద రబ్బరు బంతి. సమగ్ర శిక్ష కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడిచే భవిత కేంద్రాల్లో ఇదొకటి. నడవలేని పిల్లలు, మాట సరిగా రాని పిల్లలు ఇక్కడ ఎక్కువ. నేను వెళ్లింది మాత్రం పైకి ఏ లోపమూ కనిపించని పిల్లల కోసం. ఆటల్లో, మాటల్లో అందరిలాంటివాళ్లే. పుస్తకం తెరిస్తేనే చిక్కు.

ఐదో తరగతి బాబొకడు ఇసుక పళ్లెంలో వేలితో 'ప' రాస్తున్నాడు. కడుపులో గీత పెడితే అదే 'ష', కింద గీత పెడితే 'ఫ'. మనం తేడా ఎప్పుడు పట్టుకున్నామో మనకే గుర్తులేదు. వాడికి మాత్రం రోజూ కొత్తే. ఇక 'లక్ష్మి' లాంటి మాట వస్తే చూపు పక్కకి సాగితే చాలదు, పైన గుడికీ కింద ఒత్తులకీ ఎక్కి దిగాలి. టీచర్ తొందరపెట్టలేదు. ముందు చప్పట్లు కొడుతూ మాటను నోటితో ముక్కలు చేయించింది: ప, ల, క. ఏ ముక్కకు ఏ అక్షరమో ఆ తర్వాతే అడిగింది.

వరండాలో వాళ్లమ్మ కూర్చుని ఉంది. "కూలి లెక్క నోటితో అడగండి సార్, టక్కున చెప్తాడు. అదే కాగితం మీద ఇస్తే తల దించేస్తాడు. ఒకటో తరగతిలో 'చిన్నోడే కదమ్మా, అదే వస్తది' అన్నారు. మూడులో నేను ఇంటి దగ్గర పట్టించుకోవట్లేదన్నారు. ఇప్పుడు మొద్దంటున్నారు. రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టి రాయించేదాన్ని, కొట్టేదాన్ని కూడా."

ఆ రాతలు మాన్పించడమే ఇక్కడి టీచర్ చేసిన మొదటి పని. పాఠం అమ్మ చదివి వినిపించాలి, బాబు తన మాటల్లో తిరిగి చెప్పాలి. అక్షరాల సాధన పది నిమిషాలు, అంతే. చదవడం రానంత మాత్రాన సైన్సూ సోషలూ ఆగిపోకూడదన్నది ఆమె పట్టుదల. కొట్లాట తగ్గాక బాబు బడి ఎగ్గొట్టడం కూడా తగ్గిందని తల్లి చెప్పింది.

1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు రకాల్లో ఈ పిల్లలు లేరు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని చేర్చింది. దాన్ని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన అందించే బాధ్యత విద్యాసంస్థలదేనంది. చేత్తో రాయడం కష్టమైన అర్హులకు పరీక్షలో సహాయకులనూ, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్నీ ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. కానీ చాలామంది తల్లిదండ్రులు పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే వేళకు సర్టిఫికెట్ కోసం పరుగెత్తుకొస్తారని టీచర్ వాపోయింది. అప్పటికి పిల్లవాడు తనకు చదువు రాదని తేల్చేసుకుని ఉంటాడు.

అంతకంటే పెద్ద చిక్కు జూన్. తరగతి మారుతుంది, టీచర్ మారతారు. తల్లి మళ్లీ బడి గుమ్మంలో నిలబడి కథంతా మొదటి నుంచీ చెప్పుకోవాలి. ఆరో తరగతికి వెళితే సబ్జెక్టుకో టీచర్. అందరికీ విడివిడిగా చెప్పుకోవాలి. అందుకే ఇక్కడ ప్రతి బిడ్డకూ ఒక పేజీ రాసిస్తున్నారు: ఏం వచ్చు, ఎక్కడ తడబడతాడు, ఎలా అడిగితే జవాబు చెప్తాడు, అందరి ముందూ ఏం చేయించకూడదు. బడి తెరిచిన వారంలోనే తల్లి దాన్ని కొత్త టీచర్ చేతిలో పెడుతుంది.

మంచి ఏర్పాటే. కానీ దాన్ని మోసే పని ఇంకా తల్లిదే. ఆమెకు కూలి పని తెగని వారం వచ్చిందంటే ఆ ఏడాది కాగితం అందదు. పిల్లవాడి మార్కులూ టీసీలూ ఎవరూ బతిమాలకుండానే ఒక బడి నుంచి ఇంకో బడికి చేరుతున్నాయి. ఈ ఒక్క పేజీని కూడా వాటితో కలిపి పంపే పని బడి తీసుకోవాలి.