ఇటలీ దాకా ఎందుకు, వన్‌టౌన్ ఉందిగా!

మా ఆవిడకి ఇటలీ పిచ్చి. యూట్యూబులో ఎవరో ఒక జంట పొద్దున్నే చర్చి చూస్తారు, మధ్యాహ్నం పిజ్జా తింటారు, సాయంత్రం ఇంకో చర్చి, ఆపైన ఐస్‌క్రీము. ఇంటి లోను కడుతున్నవాడి పక్కన కూర్చుని ఇలాంటివి చూడ్డం ఏం ధర్మమో నాకు తెలీదు. పైగా 2019లో నేనొక్కణ్ణే ఆఫీసు పని మీద మిలాన్ వెళ్ళొచ్చాను. అక్కడి పెద్ద చర్చి కప్పు మీదకి టికెట్టు కొనుక్కుని మరీ ఎక్కాను. ఆ ఫోటోలు ఇంట్లో చూపించాక వచ్చే దెప్పులు ఎలా ఉంటాయో పెళ్ళైనవాళ్ళకి చెప్పక్కర్లేదు.

"పోనీ మన ఊళ్ళో చర్చిలు చూద్దాం, తిండి కూడా అక్కడే" అన్నాను. మన ఊరంటే సబ్బవరం కాదు లెండి, విశాఖపట్నం. (2022 నుంచీ మేం అనకాపల్లి జిల్లా వాళ్ళం. అయినా నోటికి వైజాగే వస్తుంది.) శనివారం పొద్దున్నే పెందుర్తి మీదుగా బండి మీద బయల్దేరాం. వన్‌టౌన్‌లో ఓ చిన్న హోటల్లో వేడి ఇడ్లీ, అల్లప్పచ్చడి తిన్నాం. అల్లప్పచ్చడికి మార్కులు పదికి పది.

ముందు సెయింట్ జాన్స్ చర్చి. గేటు బయటినుంచే చూశాం. 1840ల నాటి ఈ చర్చికి నమూనా గీసింది ఆర్థర్ కాటన్ అంటారు. అవును, మన ధవళేశ్వరం కాటన్ దొరే! ఒంట్లో బాగోక ఇక్కడున్న రోజుల్లో కూడా ఊరికే కూర్చోలేదాయన. సముద్రం ఊరిని కోసెయ్యకుండా ఒడ్డున రాళ్ళ కట్టలు వేయించాడు. ఆనకట్ట పని మొదలైంది ఆ తర్వాత, 1847లో. గోదావరి జిల్లాల్లో ఆయనకి ఊరూరా విగ్రహాలున్నాయి. ఇక్కడ మాత్రం ఎవర్నడిగినా "తెల్దు బాబూ".

ఈ ఊరి గురించి నాకు ఎప్పుడూ కడుపులో తిప్పే విషయం ఇంకోటి ఉంది. బ్రౌన్ దొర మద్రాసులో దిగింది 1817లో. అంతకి పన్నెండేళ్ళ ముందే, 1805లో, లండన్ మిషన్ తరఫున క్రాన్, డె గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదానికి కూర్చున్నారు. ఆనందరాయర్ అనే ఆయన సాయం చేశాడు. 1809లో క్రాన్ పోయాడు, మర్నాడు ఏడు డె గ్రాంజెస్ కూడా. అచ్చైన పుస్తకం ఇద్దరూ చూడలేదు. మూడు సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. అదే ఏడు మార్చిలో ఆ అచ్చుకూటం తగలబడింది. కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం కూడా ఆ మంటల్లో పోతే మళ్ళీ రాసుకున్నాడు, 1814లో బయటికొచ్చింది. బ్యాకప్ లేకపోతే ఏమవుతుందో మా ఫీల్డు వాళ్ళకి కొత్తగా చెప్పాలా! మతం సంగతి పక్కన పెట్టండి. తెలుగు వచనం అచ్చులోకి ఎక్కిన తొలి రోజుల కథ ఇది. ఆ కథ మొదలైన వీధుల్లో మేం తిరిగినంత మేరా దాన్ని చెప్పే ఒక్క బోర్డు కనబడలేదు. మిలాన్‌లో ప్రతి రాతికీ బోర్డే.

మధ్యాహ్నం ఓ మెస్సులో భోజనం. "ఏటి బాబూ, ఒట్టి పప్పేనా, చేప ఎయ్యనా?" అని అడిగిన ఆవిడ జవాబు కోసం ఆగకుండా వంజరం ముక్క వేసేసింది. పులుసు చింతపండుతో చిక్కగా, అన్నానికి పట్టి ఎర్రగా ఉంది. నెత్తళ్ళ వేపుడు మా ఆవిడ రెండోసారి అడిగి వేయించుకుంది. ఇటలీ ఊసు అక్కడితో కాసేపు ఆగింది.

తర్వాత రాస్ హిల్. రాస్ అనే దొర 1864లో కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అది మేరీమాత గుడయింది. పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకన్న గుడి. ఆ వెంకన్న గుడిని 1866లో బ్లాక్‌మూర్ అనే కెప్టెన్ కట్టించాడని చెబుతారు. ఎదురుగా డాల్ఫిన్ నోస్, మధ్యలో కాలువ, అందులోంచి హార్బర్లోకి మెల్లగా వస్తున్న ఓడ. నేను ఫోన్ తీసి మంచి యాంగిల్ వెతుక్కుంటున్నా.

వెనక్కి తిరిగితే మా ఆవిడ లేదు. లోపల కొవ్వొత్తి వెలిగిస్తోంది.

మా అత్తగారిది వన్‌టౌనే. చిన్నప్పుడు ఏటా డిసెంబరు 8 పండక్కి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఈ కొండ ఎక్కేవారట. పెళ్ళయ్యాక సింహాచలం చందనోత్సవం ఎంతో ఇదీ అంతే. మా ఆవిడ పుట్టేముందు మొక్కింది కూడా ఇక్కడేనట. "మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాను. "అమ్మ పోయాక ఒక్కదాన్నీ రాబుద్ధి కాలేదండీ. మీరేమో ఎప్పుడూ బీచ్‌కే తీసుకెళ్తారు" అంది. ఆవిడ పోయి నాలుగేళ్ళు. రాస్ ఎవరో, ఏ ఏడు కట్టారో నేను చెబుతుంటే శ్రద్ధగానే వింది గానీ, తనకి కావాల్సింది వాళ్ళమ్మ కూర్చునే చోటు. అదెక్కడో తనకి బాగా గుర్తుంది. కొండ దిగేముందు వెళ్ళి అక్కడ కాసేపు కూర్చుంది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని బయట నించున్నాను, ఫోటోలు తియ్యాలనిపించలేదు.

సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ "మిలాన్లో ఇలాంటిది ఉంటుందా?" అని అడిగింది. నిమ్మకాయ అంత ఉదారంగా పిండేవాడు అక్కడ నాకు తగల్లేదన్నాను. "అయితే డిసెంబరు 8న సెలవు పెట్టండి, రద్దీ ఉంటుంది, పెందలాడే ఎక్కాలి" అంది.

మా ప్రాజెక్టు రిలీజు సరిగ్గా ఆ వారమే. అయినా సెలవు అప్పుడే పెట్టేశాను, మేనేజర్ ఇంకా ఓకే అనలేదు.