మార్కెట్ మారింది, పేజీ మారలే



పోయిన సీజన్ల మా కాకా సీతాఫలాల లోడు తెస్తూ, "మార్కెట్ యాడుందిరా?" అని ఫోన్ చేసిండు. మా ఇంట్ల కాలేజీకి వచ్చింది నేనొక్కణ్నే. "గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్" అని వెతికి, మొదటొచ్చిన పేజీ చూసి కొత్తపేట అడ్రస్ చెప్పిన. మార్కెట్ 2021లోనే హయత్‌నగర్ అవతల బాటసింగారానికి పోయింది. పేజీల కీవర్డ్ ఉంది, కొత్త సంగతి లేదు. కిరాయి పెరిగింది, కాయలు మెత్తబడ్డయి. కాకా ఏమీ అనలే.

అట్లని ఉత్త "బాటసింగారం" అని రాసినా కాకాకు దొరకదు. ఆయన నోట్ల ఇంకా పాత పేరే. కీవర్డ్ అంటే జనం అడిగే మాట. తాజా సమాచారం అంటే ఈరోజు నిజమైన జవాబు. "గడ్డిఅన్నారం మార్కెట్ ఇప్పుడు బాటసింగారంలో" అని రాస్తే రెండూ కుదురుతయి. ఉత్త తేదీ మారిస్తే అప్‌డేట్ కాదు.

మన హాస్టల్ అడ్మిషన్ల పేజీ రాసేటోళ్లు, తండాలోళ్లు ఏ మాటతో వెతుకుతరో ముందు అడగండి.