సాల్సా అనే ఛందోబద్ధమైన పచ్చడి

రక్తపోటు కారణంగా వైద్యులు నాకు ఊరగాయలు నిషేధించి ఐదేళ్ళయింది. టమాటా నిలవ పచ్చడి లేని భోజనం మంగళశ్లోకం లేని కావ్యం వంటిదని నా అభిప్రాయం. వైద్యులు కావ్యజ్ఞులు కారు కదా! ఈ స్థితిలో నిరుడు జూన్‌లో హ్యూస్టన్‌లోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, పెరట్లో విరగకాసిన టమాటాలతో ఆమె సాల్సా చేసి సీసాలకెత్తడం చూశాను. అందులో ఉప్పు నామమాత్రం. నిలవకు ఉప్పు ఆధారమే కాదట. సాల్సా అన్న స్పానిష్ మాటకు లాటిన్ మూలంలో అర్థం మాత్రం ‘ఉప్పు వేసినది’ అని!

మన పచ్చడి సంగతి మిత్రులందరికీ తెలిసినదే. ముక్కలకు ఉప్పు కలిపి జాడీకి వాసెన కట్టడం, మూడవనాడు పిండి ఎండబెట్టడం, ఆ ఊటలో చింతపండు నానవేయడం, ఆపైన కారం, మెంతిపిండి, పోపు. ఉప్పు, పులుపు, ఎండ కలిసి దానిని కాపాడతాయి. సాల్సాకు ఎండ తగలదు, తేమ పోదు. దానిని కాపాడేవి పులుపు, మరిగే నీటి వేడి. టమాటాలో ఉన్న పులుపు చాలదు. ఉల్లి, మిరప కలిసేకొద్దీ అది మరింత పలచబడుతుంది. పులుపు పెరిగేకొద్దీ పీహెచ్ సంఖ్య తగ్గుతుంది. అది 4.6 దాటితే, గాలి చొరని సీసాలో బొటులినమ్ అనే సూక్ష్మజీవి విషాన్ని పుట్టించగలదు. దాని బీజాలు మరిగే నీటికి చావవు. ఆ విషం కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు.

అమ్మాయి అనుసరించినది జార్జియా విశ్వవిద్యాలయంలో ఉన్న గృహ ఆహార నిలవ జాతీయ కేంద్రం వారి పద్ధతి. వేడినీట ముంచి తొక్క ఒలిచి, గింజలు తీసిన టమాటా ముక్కలు 6 కప్పులు. ఉల్లి, మిరప ముక్కలు కలిపి 9 కప్పులు. సీసాలో అమ్మే నిమ్మరసం ఒకటిన్నర కప్పు. ఉప్పు 3 చిన్న చెంచాలు. మరిగాక సన్నసెగపై 3 నిమిషాలు ఉంచి, వేడివేడిగా సీసాలలో నింపి, పైన అరంగుళం ఖాళీ వదిలి, మూత బిగించి, మరిగే నీటిలో 15 నిమిషాలు ఉంచాలి. (ఎత్తైన ఊళ్ళలో ఇంకా ఎక్కువసేపు, అక్కడ నీరు తక్కువ వేడికే మరుగుతుంది.) ఉప్పు రుచి కోసమే గనుక నా నిమిత్తం ఒక్క చెంచాతో సరిపెట్టింది.

ఆ 9 కప్పులలో ఉల్లి ఎంత, మిరప ఎంత, ఏ జాతి మిరప అన్నది మన ఇష్టం. మొత్తం మాత్రం దాటరాదు. ఉత్పలమాలలో ఏ పదమైనా వేసుకోండి, గణం తప్పకూడదు; ఇదీ అంతే! చెట్టు నిమ్మకాయలు పిండుకోరాదు, కాయకాయకూ పులుపు మారుతుంది. నిమ్మరసానికి బదులు వెనిగర్ పోయరాదు, దాని పులుపు తక్కువ.

చిక్కు మా ఆవిడతో వచ్చింది. గుప్పెడు వెల్లుల్లి, నూనె పోపు లేనిదానిని పచ్చడి అనడానికి ఆమెకు మనసొప్పలేదు.

“నలభై ఏళ్ళుగా జాడీలు పెడుతున్నాను, ఎవరికేమయిందే?”

“నీ జాడీకి ఏమీ కాదమ్మా, అందులో ఉప్పు ఉంది. ఇందులో లేదు.”

ఇద్దరూ నా వైపు చూశారు. బడిలో అయితే ఇటువంటి వేళ గంట మోగి నన్ను రక్షించేది. నేను అమ్మాయి పక్షం వహించాను. మా ఆవిడ చేతి అంచనా మీద గౌరవం లేక కాదు. ఆ ఆరు సీసాలలో రెండు పొరుగింటికి వెళ్ళవలసి ఉన్నాయి. ఆ ఇంట పసిపిల్లలున్నారు. ఆ పూట మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

వారం తరువాత ఒక సీసా మూత తీసి, సగం గిన్నెలోకి వంచి, ఆవాలు, ఇంగువ, ఎండుమిరప, వెల్లుల్లితో తానే పోపు పెట్టింది. సీసా తెరిచాక ఏమి వేసుకున్నా అభ్యంతరం లేదని అమ్మాయి ముందే చెప్పింది. మిగిలిన సగం ఫ్రిజ్‌లోకి వెళ్ళింది. వేడి అన్నంలో కలిపి మొదటి ముద్ద తిని, “ఉప్పు చాలలేదు” అంది మా ఆవిడ. నేనప్పటికి రెండవసారి వడ్డించుకుంటున్నాను.